పావుమైలు పందెంలో వెనుక కమాను

కొన్నేళ్ళ క్రితం ఒక ధ్వనిముద్రణ పనిమీద విజయవాడ ఆటోనగరులో కమాను కట్టలు బాగుచేసే కొలిమికి వెళ్ళాను. లారీ కిందనుండి ఊడదీసిన కట్ట ఒకటి నేలమీద పడి ఉన్నది. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కుపట్టీలలో రెండు సరిగా నడిమికి విరిగి ఉన్నవి. "బరువు ఎక్కువ వేశారు కాబోలు" అన్నాను. అక్కడి పెద్దమేస్త్రి తల అడ్డంగా ఆడించి, "బరువుకు కాదండీ. యూ బోల్టు వదులైంది. బండి లాగినప్పుడల్లా ఇరుసు మెలి తిరిగింది. మోయమంటే కమాను మోస్తుంది. మెలి తిప్పితే ఎంతకని ఓర్చుకుంటుంది?" అన్నాడు.

అమెరికాలో డ్రాగ్ రేసు అనే కార్ల పందెం ఒకటి ఉన్నది. ఆ పందెపు కార్ల వెనుకభాగాన్ని సిద్ధపరిచే విద్యను గురించి తెలుసుకుంటున్న కొద్దీ, అది ఆ మేస్త్రి మాటకు సుదీర్ఘమైన వ్యాఖ్యానమేనని నాకు తోచినది.

ఈ పందెంలో మలుపులు లేవు. రెండు కార్లు పక్కపక్కనే నిలబడి ఉంటవి. ఎదుట స్తంభంమీద దీపాలు వరుసగా వెలిగి ఆకుపచ్చ దీపం కనబడగానే కదులుతవి. దూరం పావుమైలు, అంటే 402 మీటర్లు. ముందుగా చివరి గీత దాటినవాడే విజేత. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత కాలిఫోర్నియా యువకులు పాతకార్లకు బలమైన ఇంజనులు బిగించి, బాటసారులు తిరిగే రోడ్లమీదనే పోటీలు పడేవారు. ఆ వేడుకను రోడ్డుమీదనుండి తప్పించి, నియమాలకు లోబడిన మైదానానికి తీసుకుపోవాలనే సంకల్పంతో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అనే సంస్థను నెలకొల్పినాడు. ఆయన అప్పట్లో 'హాట్ రాడ్' పత్రికకు సంపాదకుడు. ఆ సంస్థ తొలి పందేన్ని 1953లో పొమోనా పట్టణంలో నడిపినది. తొలి జాతీయ పోటీలు 1955లో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో జరిగినవి.

నేటి అత్యున్నత వర్గాల పందెపు బళ్ళు మామూలు కార్లను ఏమాత్రం పోలి ఉండవు. కాని ఇంటి ముంగిట నిలిపే కారునే సిద్ధపరచి పరుగెత్తించే వర్గాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నవి. వాటిలో చాలా కార్ల వెనుక ఇరుసును మోసేది, మన లారీల కింద చూస్తున్న కమాను కట్టే.

కమాను కట్ట పాత సాధనం. ఇంగ్లండులో ఒబదయా ఎలియట్ అనే ఆయన 1804లో గుర్రపుబండికి వంపు తిరిగిన ఉక్కుపట్టీల కట్టలు అమర్చినాడు. మన జట్కాబండి కింద కూడా ఆ జాతి కమానులే ఉండేవి. గుర్రపుబండిలో దాని పని ఒక్కటే: బరువు మోయడం. బండిని లాగేది గుర్రం కనుక ఇరుసుకు వేరే భారం లేదు. మోటారుకారు వచ్చిన తరువాత లాగే శక్తి ఇరుసులోనే పుట్టడం ఆరంభించినది. ఇంజను తిప్పుడును ఒక పొడుగాటి షాఫ్టు వెనుకకు మోసుకుపోతుంది. అది ఇరుసు నడుమ ఉన్న పినియన్ అనే చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పినియన్ పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పితే బండిచక్రాలు తిరుగుతవి.

కొన్ని కార్లలో ఆ షాఫ్టు చుట్టూ ఒక గట్టి గొట్టం అమర్చి, ఇరుసు మెలి తిరగకుండా ఆ గొట్టంతోనే అదుపు చేసేవారు. ఫోర్డు కంపెనీ 1949 నమూనాలోను, షెవ్రొలే కంపెనీ 1955 నమూనాలోను ఆ గొట్టాన్ని తీసివేసి, అదుపుచేసే పనిని కూడా కమాను కట్టలకే అప్పగించినవి. ఈ పద్ధతికి ఫ్రాన్సు దేశపు కంపెనీ పేరుమీద హాచ్‌కిస్ పద్ధతి అని పేరు. ఇందులో కమాను మూడు పనులు చేయవలెను. బరువు మోయవలెను. ఇరుసు అటూ ఇటూ, ముందుకూ వెనుకకూ జరగకుండా దాని స్థానంలో నిలుపవలెను. ఇరుసు మెలి తిరగబోతే ఆపవలెను. ఊళ్ళో తిరిగే కారుకు ఈ మూడవ పని తేలిక. పందెపు కారుకు అదే గండం.

ఆ మెలి ఎంతటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇంజను తిప్పుడు శక్తి 55 కిలోగ్రాము-మీటర్లు అనుకుందాం. మొదటి గేరులో అది రెండున్నర రెట్లు అవుతుంది. ఇరుసులోని పళ్ళచక్రాలవల్ల మరి నాలుగు రెట్లు పెరుగుతుంది. మొత్తం పది రెట్లు. అంటే చక్రాలను తిప్పే శక్తి 550 కిలోగ్రాము-మీటర్లు. మీటరు పొడవు గల ఇనుపకడ్డీని ఇరుసుకు బిగించి, దాని కొసకు 550 కిలోల బరువు వేలాడదీసినట్లన్నమాట. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందని బడిలో చదువుకున్నాము గదా! చక్రాలు ముందుకు తిరిగినంత బలంతోనే ఇరుసు పెట్టె వెనుకకు తిరగబోతుంది. పినియన్ ఉండే దాని ముక్కు పైకి లేస్తుంది. ఆ మెలికి కమాను ముందరి సగం పైకి ఉబ్బి, వెనుక సగం కిందికి కుంగుతుంది. పక్కనుండి చూస్తే కట్ట పాము మెలికలా కనిపిస్తుంది.

వంగిన ఉక్కు వంగినట్లే ఉండిపోదు. మెలిక పూర్తిగా చుట్టుకున్న క్షణాన టైరు పట్టు తప్పి జారిందనుకోండి. వెంటనే భారం తగ్గుతుంది, కమాను విడిచిన వింటిబద్దలా వెనుకకు విచ్చుకుంటుంది. టైరు నేలను గట్టిగా తాకి మళ్ళీ పట్టు చిక్కించుకుంటుంది. మళ్ళీ మెలిక, మళ్ళీ జారుడు. ఒక్క క్షణంలో ఇది అనేకసార్లు జరిగి చక్రాలు గెంతడం మొదలుపెడతవి. కారంతా దడదడలాడుతుంది. కాలం వృథా కావడం అటుంచి, ఇరుసు కడ్డీలు, షాఫ్టు కీళ్ళు విరిగే ప్రమాదం ఉన్నది. షెవ్రొలే కంపెనీ 1967లో విడుదల చేసిన కమారో కారుకు వెనుక ఒక్కొక్క వైపున ఒకే ఒక పట్టీ ఉండేది. బలమైన ఇంజనులు గల బళ్ళలో ఈ గెంతుల బెడద కనిపించినది. 1968 నమూనాలో ఒక షాక్ అబ్జార్బరును ఇరుసుకు ముందు, రెండవదానిని ఇరుసుకు వెనుక అమర్చినారు. బలమైన బళ్ళకు పలుపట్టీల కట్టలు వేసినారు. పెద్ద కర్మాగారానికి కూడా ఆ మూడవ పని సమస్య అయినదనడానికి ఇది నిదర్శనం.

మరి టైరుకు పట్టు ఎక్కడినుండి రావలెను? దానిమీద పడే బరువునుండి. మన ఉదాహరణలోని కారు బరువు 1500 కిలోలు. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాలమీద 825, వెనుక చక్రాలమీద 675 కిలోలు. కారు వేగం పుంజుకునేటప్పుడు బరువు వెనుకకు వాలుతుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్ళు వెనుకకు తూలడం వంటిదే ఇది. గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, ముందు వెనుక చక్రాల మధ్య దూరం 275 సెంటీమీటర్లు ఉండి, కారు భూమ్యాకర్షణతో సమానమైన త్వరణంతో దూకితే, 1500లో అయిదవ వంతు, అంటే 300 కిలోలు ముందునుండి వెనుకకు మారుతవి. వెనుక చక్రాలమీద 975 కిలోలు నిలుస్తవి. గరిమనాభి ఎంత ఎత్తున ఉంటే అంత ఎక్కువ బరువు వెనుకకు పోతుంది. క్రిస్లర్ కంపెనీ ఇంజనీర్లు కొందరు రామ్‌చార్జర్స్ అనే సంఘంగా ఏర్పడి, 1950ల చివర ఒక 1949 నాటి ప్లిమత్ కారును పందెానికి సిద్ధం చేసినారు. దాని శరీరాన్ని చూసేవారికి వింతగా తోచేటంత పైకెత్తినారు. ఆ వింతలో ఉన్న గణితం ఇదే.

బరువు వెనుకకు రావడం ఒక ఎత్తు, అది టైరుమీద నిలకడగా కూర్చోవడం మరొక ఎత్తు. మెలిక తిరిగే కమాను దానిని కూర్చోనివ్వదు. కనుక సిద్ధపరిచేవాడు ముందుగా కమానును రెండు సగాలుగా చూడడం నేర్చుకోవలెను. ఇరుసుకు ముందున్న సగం తోపుడును కారుకు అందిస్తుంది. మెలిని ఆపవలసినది కూడా ఆ సగమే. వెనుక సగం ముఖ్యంగా బరువు మోయడానికి, మెత్తగా ఆడడానికి. క్రిస్లర్ కంపెనీ పందెపు బళ్ళకోసం తయారుచేసిన సూపర్ స్టాక్ కమానులలో ముందు సగం పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. వెనుక సగం పొడుగ్గా, మెత్తగా ఉంటుంది.

మామూలు కట్టతోనే పని గడుపుకోదలచినవారు క్లాంపులను ఆశ్రయిస్తారు. ముందు సగంలోని పట్టీలను క్లాంపులతో గట్టిగా బిగించి, వెనుక సగంలోని క్లాంపులను తీయడమో వదులు చేయడమో చేస్తారు. దీనిలోని కిటుకు గమనించదగినది. ఒకే మందం గల నాలుగు పట్టీలు ఒకదానిమీద ఒకటి స్వేచ్ఛగా జారుతూ వంగితే వాటి బిరుసుదనం ఒక పట్టీకి నాలుగు రెట్లు. అవే నాలుగూ ఒకే ముద్దగా అతుక్కుపోతే 64 రెట్లు! క్లాంపులు అంతటి ఏకత్వాన్ని తేలేవు గాని, ఆ దిక్కుగా కొంత దూరం తీసుకుపోతవి. ఖర్చు స్వల్పం, ఫలం గణనీయం.

ఇది చాలని కారుకు మెలిని ఆపే పనిని వేరొక సాధనానికి అప్పగించవలెను. వీటిలో మూడు ప్రసిద్ధమైనవి. మొదటిది పినియన్ స్నబ్బరు: ఇరుసు ముక్కుమీద నిలిపిన రబ్బరు దిమ్మ. ముక్కు పైకి లేవగానే దిమ్మ కారు అడుగుభాగానికి తగిలి ఆగిపోతుంది. ఆ తాకిడి శరీరాన్ని పైకి, టైర్లను కిందికి నెడుతుంది. రెండవది ట్రాక్షన్ బారు: కమాను కింద ఇరుసుకు బిగించి ముందుకు చాచిన ఉక్కుకడ్డీ. దాని కొసన ఉన్న రబ్బరు, ఇరుసు తిరగబోగానే పైకి లేచి కమాను ముందరి కన్నుకు తగులుతుంది. అది సరిగా కన్ను కిందనే తగలవలెను. వెనుకగా పట్టీ నడుమన తగిలితే పట్టీయే వంగిపోతుంది. మూడవది జాన్ కాల్వర్ట్ అనే పందెగాడు రూపొందించిన కాల్‌ట్రాక్స్. ఇందులో ఇరుసు తిరగబోతే ఒక కడ్డీ ముందుకు తోసుకుపోయి, కమాను ముందరి కన్నువద్ద కీలుమీద తిరిగే బిళ్ళను కదిలిస్తుంది. ఆ బిళ్ళ కమాను ముందు సగాన్ని పైనుండి అణచిపట్టుతుంది. ఉబ్బబోయే సగాన్ని, ఉబ్బించే బలంతోనే అణచడం ఇందులోని చమత్కారం.

తరువాత పినియన్ కోణం. ఎంత కట్టడి చేసినా ముక్కు కొంత లేవక మానదు. అందుచేత నిలబడి ఉన్నప్పుడే దానిని షాఫ్టు గీతకంటె కొంచెం కిందికి వంచి ఉంచుతారు. లాగుతున్నప్పుడు అది లేచి షాఫ్టుతో ఒకే గీతలోకి వస్తుంది. మామూలు కమానులకు 5 నుండి 7 డిగ్రీల వరకు, మెలిని ఆపే మంచి కడ్డీలు ఉన్నప్పుడు అంతకు తక్కువగా ఈ వంపు పెడతారు. కమానుకు, ఇరుసు పీఠానికి మధ్య ఏటవాలు చీలికలు పెట్టి దీనిని సవరిస్తారు. కొలిచేటప్పుడు కారు తన టైర్లమీద తన బరువుతో నిలబడి ఉండవలెను. జాకీమీద ఇరుసు వేలాడుతుండగా తీసిన కొలత పనికిరాదు.

ఇక కుడి ఎడమల తగవు. ముందు ఇంజను గల అమెరికా కార్లలో, వెనుకనుండి చూచేవానికి షాఫ్టు ఎడమచేతివైపుకు తిరుగుతుంది. అది ఇరుసును కూడా తనతోపాటు తిప్పబోతుంది. ఫలితంగా ఎడమ టైరు నేలకు అణగుతుంది, కుడి టైరు తేలిపోతుంది. మన ఉదాహరణలో మొదటి గేరులో షాఫ్టు తిప్పుడు సుమారు 137 కిలోగ్రాము-మీటర్లు. టైర్ల మధ్య దూరం మీటరున్నర అయితే, కుడి టైరుమీద సుమారు 90 కిలోలు తగ్గి ఎడమదానిమీద అంత పెరగబోతవి. ఇంజను ప్రతిచర్యకు కారు శరీరం కుడివైపుకు ఒరగడంవల్ల వెనుక కమానులు ఇందులో కొంత తిరిగి ఇస్తవి. మిగిలినది ముందు చక్రాలకు పోతుంది. ఆ లోటు తీర్చడానికి కుడివైపు కమానును ఎడమదానికంటె ఎక్కువ వంపుతోనో ఎక్కువ పట్టీలతోనో అమర్చి, నిలబడి ఉన్నప్పుడే కుడి టైరుమీద కొంత బరువు ముందుగా ఎక్కిస్తారు. సూపర్ స్టాక్ కమానులలో కుడి ఎడమ కట్టలు వేరువేరుగా ఉండడానికి కారణం ఇదే. కారు వంకరగా నిలబడిందని చూచేవారు నవ్వవచ్చును. పరుగులో అది తిన్నగా పోతుంది.

షాక్ అబ్జార్బర్లకు ఊపును అదుపుచేసే పని ఒప్పగించబడినది. ముందువాటిని సాగడానికి తేలికగా, కుంచించుకోవడానికి బిగువుగా ఎంచుతారు. అప్పుడు ముందుభాగం సులువుగా లేస్తుంది, తొందరగా కిందపడదు. వెనుకవి మరీ వదులుగా ఉంటే టైరు నేలను ఒక్క దెబ్బ కొట్టి మళ్ళీ తేలుతుంది. మరీ బిగువుగా ఉంటే దెబ్బే తగలదు. నడిమి మార్గం కారు కారుకూ వేరు.

పని చేసే క్రమంలో మొదటి స్థానం మన మేస్త్రి చెప్పిన యూ బోల్టులదే. అవి వదులుగా ఉంటే తక్కినదంతా వ్యర్థం. అరిగిన బుష్షులు మార్చవలెను. ఇరుసు తిన్నగా ఉన్నదో లేదో, ముందరి కన్నునుండి ఇరుసువరకు రెండువైపులా కొలిచి చూడవలెను. తరువాత చోదకుడు ఆసీనుడై ఉండగా నాలుగు చక్రాల బరువులు తూచవలెను. ఆపైన కోణం, కడ్డీల సందు, షాక్ అబ్జార్బర్లు. ఒకసారి ఒక్కదానినే మార్చి, ఫలితాన్ని పుస్తకంలో రాసుకోవలెను. రెండు మార్చి లాభం కలిగితే, ఏది చేసిన మేలో తెలియదు.

ఫలితానికి గీటురాయి మొదటి 60 అడుగులు దాటడానికి పట్టిన కాలం. ఆ 60 అడుగులలో సెకండులో పదోవంతు కలిసివస్తే, చివరి గీతవద్ద అంతకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో కలిసివస్తుందని పందెగాళ్ళ అనుభవం. వెనుక టైరు ఎలా నలుగుతున్నదో, శరీరం ఎప్పుడు లేస్తున్నదో పక్కనుండి చలనచిత్రం తీసి నెమ్మదిగా చూచుకోవడం కూడా వారి అలవాటు. కారు వెనుకభాగం కుంగిపోతే టైరుమీద బరువు పడిందని కొత్తవారు అనుకుంటారు. నిజానికి శరీరం కొద్దిగా పైకి లేచి, టైరు కిందికి అణగడమే మంచి అమరికకు గుర్తు.

ఇందులో ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉన్నది. షాఫ్టు ముందరి కీలు విరిగితే, దాని కొస నేలకు గుచ్చుకుని కారును గాలిలోకి ఎత్తివేయగలదు. అందుకే పందెపు టైర్లు వేసిన కార్లకు, ఆ కీలుకు 6 అంగుళాల లోపల షాఫ్టు చుట్టూ ఉక్కువలయం బిగించవలెనని అసోసియేషన్ నియమం. కారు కిందికి దూరేముందు జాకీని మాత్రమే నమ్మక ఇనుప స్టాండులు పెట్టడం మరొక నియమం. అది ఏ దేశంలోనైనా, ఏ కారుకైనా వర్తిస్తుంది. ఇటువంటి పరుగుకు చోటు మైదానమే గాని రోడ్డు కాదు. ఈ క్రీడకు సంస్థ ఏర్పడినదే కుర్రవాళ్ళను రోడ్డుమీదనుండి తప్పించడానికి.

వందల అశ్వశక్తి గల ఇంజనును కొనడానికి డబ్బు ఉంటే చాలు. ఆ శక్తిని రెండు అరచేతులంత మేర నేలను తాకే రబ్బరుకు అందించడానికి ఓపిక, కొలబద్ద, ఒక చిన్న నోటుపుస్తకం కావలెను. ఆటోనగరు మేస్త్రికి డ్రాగ్ రేసు సంగతి తెలిసి ఉండదు. కాని ఆనాడు ఆయన కొత్త పట్టీలు కూర్చి, యూ బోల్టులు బిగించి, "ఓ వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించుకో" అని లారీ డ్రైవరుకు చెప్పి పంపినాడు. పొమోనాలో కారు సిద్ధపరిచేవాడు కూడా మొదటి పరుగు అయిపోగానే స్పానరు పట్టుకుని ఇరుసు కిందికి వెళ్ళేది అందుకే.